ఎయిర్ పిస్టల్ రియర్ సైట్: బిగింపు పూర్తయింది, క్లిక్కుల లెక్క నడుస్తోంది

పని ఎక్కడి దాకా వచ్చిందంటే: రియర్ సైట్ (గురి చూసే వెనక భాగం) బేస్ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడం అయింది. ఎత్తు క్లిక్కులు (మర తిప్పేటప్పుడు టక్కుమనే ఒక్కో మెట్టు) సరిగ్గా పలుకుతున్నాయి. ఎడమ-కుడి సర్దుబాటు ఇంకా తేలలేదు. ఇది 10 మీటర్ల మ్యాచ్ ఎయిర్ పిస్టల్, 4.5 మి.మీ. పెల్లెట్లు. వెనక గాడి నుంచి ముందు సైట్ దాకా 330 మి.మీ.

సమస్య ఇది: గ్రూపు (వరస దెబ్బలు కాగితం మీద పడ్డ గుంపు) చిన్నగానే వస్తోంది, కానీ ఒక పూట తొమ్మిదో రింగులో ఎడమకి, ఇంకో పూట కుడికి. ఇలాంటప్పుడు చెయ్యి నేరుగా క్లిక్కుల మీదికి పోతుంది. అది తప్పు దారి. 330 మి.మీ. దూరంలో సైట్ 0.1 మి.మీ. కదిలితే 10 మీటర్ల దగ్గర దెబ్బ 3 మి.మీ. పక్కకి పోతుంది. టార్గెట్లో పది రింగు వ్యాసం 11.5 మి.మీ., ఆ తర్వాత ఒక్కో రింగుకి 8 మి.మీ. అంటే బేస్ 0.3 మి.మీ. ఆడినా ఒక రింగు పోయినట్టే. అంత కదలిక కంటికి ఆనదు. బేస్ గట్టిగా కూర్చోనంత వరకు తిప్పిన ప్రతి క్లిక్కూ అబద్ధమే చెబుతుంది.

విప్పే ముందు చూడాల్సినవి: బ్యారెల్లో పెల్లెట్ లేదని చూసుకోవాలి, గాలి సిలిండర్ తీసి పక్కన పెట్టాలి, బ్యారెల్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ దూర్చాలి. ఎత్తు మరని కిందికి ఆగేదాకా మెల్లగా తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టి రాసుకోవాలి, తర్వాత అదే స్థానానికి తీసుకురావచ్చు. ఆగిన చోట బలం పెట్టకూడదు.

దీని బేస్‌కి రెండు ఎం3 (3 మి.మీ.) స్క్రూలు. పైకి ఉండే సిలిండర్ ఆకారపు తలకి 2.5 మి.మీ. అలెన్ కీ, లోపలికి దిగే తలకి 2 మి.మీ. కీ. అరిగిన కీ వాడితే తల గుండ్రంగా తిరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లు తప్ప దారి ఉండదు. మంచి కీలు గాజువాక ఆటోనగర్‌లాంటి చోట్ల టూల్స్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి. వంద రూపాయలు మిగులుతాయని చవక సెట్టు కొనవద్దు.

విప్పాక త్రెడ్లలో తెల్లటి పొడి రాలింది. విశాఖలో ఇది మామూలే. ఉక్కు స్క్రూ అల్యూమినియం బాడీలో ఉంటుంది, ఉప్పు గాలి, చెమట తగిలితే అల్యూమినియం తినేసి ఆ పొడి అవుతుంది. మోసం ఇక్కడే ఉంది: పొడి వల్ల స్క్రూ తిరగదు కాబట్టి బిగువుగా ఉందనిపిస్తుంది, కానీ దాని తల బేస్‌ని నొక్కదు. కీ పెట్టి చూసి "గట్టిగానే ఉంది" అనుకుంటే చాలదు, ఒకసారి పూర్తిగా విప్పి చూడాల్సిందే.

త్రెడ్లని నైలాన్ బ్రష్‌తో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. అసిటోన్ వద్దు, చెక్క గ్రిప్ మీద పడితే పాలిష్ పోతుంది. నూనె తడి మిగిలితే లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) సరిగా పట్టదు.

లాక్‌టైట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఊదారంగు 222 చిన్న స్క్రూల కోసమే, మళ్లీ చేతి కీతో వస్తుంది. నీలం 243 కొంచెం బలం ఎక్కువ, పర్లేదు. ఎర్ర 271 ఈ పనికి వద్దే వద్దు. విప్పాలంటే బాగా వేడి చెయ్యాలి, సైట్ పాడవుతుంది. గాలి తగలకుండా లోహం మధ్య ఉన్నప్పుడే లాక్‌టైట్ గట్టిపడుతుంది. అడుగు మూసి ఉన్న రంధ్రమైతే చుక్క స్క్రూకి కాదు, రంధ్రం అడుగున వెయ్యాలి. లేకపోతే లోపలి గాలి దాన్ని బయటికి తోసేస్తుంది. ఒక్క చిన్న చుక్క చాలు. ప్లాస్టిక్ బేస్‌కి మాత్రం తగలనివ్వకూడదు, కొన్ని ప్లాస్టిక్‌లు పగుళ్లిస్తాయి. క్లిక్ మరలకి అసలు వెయ్యకూడదు: లోపలి బాల్, స్ప్రింగు అంటుకుపోతాయి.

రెండు స్క్రూలూ మార్చి మార్చి, కీ పొట్టి వైపు రెండు వేళ్లతో పట్టుకుని బిగించాలి. పొడుగు వైపు పట్టుకుంటే అల్యూమినియం త్రెడ్లు ఊడతాయి. లాక్‌టైట్ తడికి రాపిడి తగ్గి స్క్రూ ఎక్కువ దిగుతుంది, చెయ్యి ఆపుకోవాలి. తర్వాత 24 గంటలు ముట్టుకోలేదు. స్క్రూ తల నుంచి బేస్ మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నగీత గీశాం. గీత తప్పితే స్క్రూ తిరిగినట్టే.

గాడి వెడల్పు మార్చాలనుంటే ఇప్పుడే మార్చాలి. గాడికి ఒక పక్క బ్లేడు (రేకు) మాత్రమే కదిలే రకంలో వెడల్పు మారితే మధ్యగీత కూడా జరుగుతుంది.

క్లిక్ పరీక్ష కాగితం వెనకవైపు చేశాం. ఐదు దెబ్బల గ్రూపు, 20 క్లిక్కులు పైకి, మళ్లీ ఐదు, 20 వెనక్కి, మళ్లీ ఐదు. రెండు గ్రూపుల నడిమి దూరాన్ని 20తో భాగిస్తే ఒక క్లిక్కు ఎన్ని మి.మీ.యో వస్తుంది. మూడో గ్రూపు మొదటి దాని మీదే పడాలి. ఎత్తులో పడింది.

దెబ్బ ఎటు జరగాలో రియర్ సైట్ అటే జరగాలి. మర మీది అక్షరాలతో జాగ్రత్త: చాలా జర్మన్ సైట్లలో ఆ అక్షరం దెబ్బ ఎటు తప్పిందో చెబుతుంది, ఎటు జరుగుతుందో కాదు. ఒక్క దెబ్బ చూసి తిప్పకూడదు, గ్రూపు నడుమ చూడాలి. చెయ్యి అలిసి కిందికి దిగిన దెబ్బలకి మర తిప్పితే రేపు అంతా పైన పడతాయి.

ఎడమ-కుడి దగ్గరే చిక్కు. 20 కుడికి, 20 ఎడమకి తిప్పితే గ్రూపు 4 మి.మీ. తక్కువగా ఆగింది. మరలో ఖాళీ ఉంది, లేదా బ్లేడుని ఒక పక్కకి నొక్కే స్ప్రింగు సడలింది. ప్రస్తుతానికి ఎప్పుడూ ఒకే వైపు నుంచి ముగిస్తున్నాం: ఎడమకి జరపాలంటే ఐదు క్లిక్కులు ఎక్కువ పోయి, కుడివైపుగా వెనక్కి వస్తే ఖాళీ లెక్కలోకి రాదు.

ఏసీ రేంజి నుంచి బయటికి తెచ్చిన పెట్టెని వెంటనే తెరవకూడదు, చల్లటి ఉక్కు మీద ఈ ఊరి గాలి నీళ్లు పట్టిస్తుంది. అరగంట మూసే ఉంచాలి. లోపల సిలికా జెల్ ఉంచుతున్నాం, ఫోమ్ తడి పీల్చుకుంటుంది కాబట్టి దాన్నీ అప్పుడప్పుడు ఎండబెట్టాలి.

మిగిలిన పని: పక్క మర విప్పి స్ప్రింగు పొడవు కొత్త దానితో పోల్చడం, మార్చాక ఇదే 20 క్లిక్కుల పరీక్ష మళ్లీ చెయ్యడం.