కుండీలో పెంచేదీ యుఫోర్బియానే, పీకి పారేసేదీ యుఫోర్బియానే

మా డాబా మీద ఆరు కుండీల్లో క్రౌన్ ఆఫ్ థార్న్స్ అనే ముళ్ల పూలమొక్క ఉందండి, నర్సరీ వాళ్లు యుఫోర్బియా అనే అమ్ముతారు, ఎర్రవి, గులాబీవి, మే నెల ఎండలో మిగతా మొక్కలన్నీ వాడిపోయి వేలాడుతుంటే ఇది మాత్రం నిండుగా పూస్తుంది, అందుకే నాకు ప్రాణం. నిజానికి మనం పువ్వు అనుకునే ఆ రంగు రేకులు ఆకుల్లాంటివే, అసలు పువ్వులు మధ్యలో చిన్నగా ఉంటాయి.

అవే కుండీల్లో వారం వారం నేను పీకేది నానబాలు. ఊళ్లో రెడ్డివారి నానబాలు అంటారు చూడండి, తుంచితే తెల్లటి పాలు కారతాయి. యుఫోర్బియా అంటే ఒక్క మొక్క పేరు కాదు, ఒక జాతి మొత్తం పేరు, అది కూడా యుఫోర్బియానే అని తెలిసినప్పుడు చాలా ఆశ్చర్యమేసింది. ఒకటి మడగాస్కర్ నుంచి వచ్చింది, ఇంకోటి అమెరికా ఖండాల నుంచి, రెండూ మా డాబా మీద ఒకే మట్టిలో. మా రాయలసీమలో కంచెకి వేసే కాడజెముడు కూడా ఈ జాతే, ముళ్లున్నా లేకపోయినా వీటిల్లో ఏదీ కాక్టస్ కాదు, గిల్లితే పాలు వస్తాయి, కాక్టస్ జాతుల్లో చాలావాటికి అలా రావు.

ఆ పాలతో మాత్రం జాగ్రత్త అండి. పోయిన వేసవిలో కొమ్మలు కత్తిరిస్తూ చెమట కారుతోందని అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను, మంట చెప్పలేను, కన్ను వాచి రెండు రోజులు తెరవలేకపోయాను. డాక్టర్ గారు చెప్పింది ఒకటే, పాలు కంట్లో పడితే వెంటనే కనీసం పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి ఆస్పత్రికి రావాలి అని. ఇప్పుడు గ్లౌజులు లేకుండా ముట్టుకోను, పిల్లలున్న ఇంట్లో అయితే కుండీ ఎత్తులో పెట్టాలి.

ఇక నానబాలు సంగతి. ఒక్కో కాయలో మూడు గింజలు, ఎండగానే కాయ పగిలి గింజల్ని దూరంగా విసురుతుంది, అందుకే కాయ పట్టకముందే పీకాలి. మట్టి పొడిగా ఉంటే మొక్క పైనే తెగి వేరు లోపలే ఉండిపోతుంది, మళ్లీ చిగురిస్తుంది, నీళ్లు పోసి కాసేపాగి పీకితే వేరుతో సహా వస్తుంది. ఖాళీ మట్టి కనపడకుండా ఎండాకులు పరిస్తే మొలకలు బాగా తగ్గాయి నాకు. పోయిన వారం కొన్న మందార కుండీలో కూడా రెండు కనిపించాయి, నర్సరీ మట్టితోనే వచ్చుంటాయి, సాయంత్రం నీళ్లు పోశాక తీసేయాలి.