పంపింగ్ 62 ఉన్నా అమ్మకు ఆయాసం

మాది తిరుపతి. ఏటా అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు వెళ్లే అమ్మ, పోయినేడాది గాలిగోపురం దాకా కూడా ఎక్కలేకపోయింది. "గ్యాస్ పట్టిందిలే" అంది. రాత్రి చూస్తే మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుని పడుకుంటోంది. చీలమండ పైన బొటనవేలితో నొక్కాను. పడిన గుంట, పది లెక్కపెట్టినా పూడలేదు.

మొదట చూపించిన చోట ఎకో తీశారు. పంపింగ్, అంటే గుండె తనలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు బయటికి నెట్టే వంతు, 62 శాతం. గుండె బాగుంది, వయసు ఆయాసం అని గ్యాస్ మాత్రలు రాశారు. ఆ 62ని నమ్మి రెండు నెలలు పోగొట్టుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

రెండో డాక్టరు గారు అదే రిపోర్టులో కింది వరుస మీద వేలు పెట్టారు. గుండెలో ఎడమ పై గది పెద్దదైంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష చేయించారు. 125 లోపుంటే సాధారణంగా భయం లేదంటారు. అమ్మకు 910. "పంపింగ్ 40, అంతకన్నా తక్కువైతే ఒక రకం హార్ట్ ఫెయిల్యూర్. 50, ఆపైన ఉన్నా గుండె గోడ బిగుసుకుపోయి రక్తం సరిగ్గా నిండకపోతే ఇంకో రకం. మీ అమ్మగారిది రెండోది" అన్నారు.

రక్తంలోనే ఏ రకమో తెలిసిపోతే ఇంత తిరుగుడు ఉండదు కదా సార్ అని అడిగాను. ఓపిగ్గా చెప్పారు. ఈ పరీక్ష గుండె మీద ఒత్తిడి ఉందని చెబుతుంది గానీ, రకం చెప్పదు. గుండె ఎక్కువగా కొవ్వును మండించుకుని పనిచేస్తుంది. జబ్బుపడితే ఆ వాడకం మారి, ఎసైల్‌కార్నిటైన్లు (కొవ్వును మండించే దారిలో పుట్టేవి), కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యేవి), అమైనో ఆమ్లాల వంటి చిన్న పదార్థాలు రక్తంలో హెచ్చుతగ్గులవుతాయి. ఇవే మెటబొలైట్లు. అణువులను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రంతో వందలకొద్దీ ఒకేసారి కొలిచి, రెండు రకాల రోగుల్లో తేడా ఎక్కడుందో పరిశోధకులు వెతుకుతున్నారు. కానీ షుగరు, కిడ్నీలు, ఉపవాసం కూడా వీటినే మారుస్తాయి. అమ్మకు పన్నెండేళ్లుగా షుగర్, పైగా శనివారం ఒక్కపొద్దు. ఆమె రక్తంలో కీటోన్లు కనబడితే అవి గుండె వల్లనా, ఒక్కపొద్దు వల్లనా? అందుకే ఈ మెటబొలైట్ల కొలత ఇంకా ల్యాబుకెళ్లి మామూలుగా చేయించుకునే పరీక్ష కాలేదు.

ఒంట్లో చేరిన నీరు తీసే మాత్రతో పాటు ఎంపాగ్లిఫ్లోజిన్ రాశారు. షుగర్ మందే, కానీ ఈ రకంలోనూ ఆసుపత్రి పాలవడం తగ్గుతుందని 2021లో ఒక పెద్ద ట్రయల్ తేల్చిందట. ఒక్కపొద్దు మాత్రం మానాలన్నారు. ఈ మందు వేసుకుంటూ కడుపు మాడ్చుకుంటే కీటోన్లు ప్రమాదకరంగా పెరగొచ్చు.

శనివారం పొద్దున తినడం అమ్మకు ఇంకా కష్టంగానే ఉంది. గోవిందా అని దండం పెట్టుకుని మాత్ర, ఆ తర్వాత రెండు ఇడ్లీలు. నేను కాలు నొక్కి చూస్తాను. మూడు లెక్కపెట్టేలోపే గుంట పూడిపోతోంది.