థర్మాకోల్ విమానానికి నంబరు ప్లేటు

నిన్న రాత్రి 11 దాటినాక నా విమానానికి సర్కారు రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది. పండుకున్న మా ఇంటావిడను లేపి ఫోను చూపించినా. "ఇంతకీ వాళ్లేమన్నా డబ్బులిస్తారా?" అని అడిగి అటు తిరిగి పండుకుంది. కోపం చల్లారితే ఇదంతా రాయబుద్ధి కాదు, అందుకే పొద్దున్నే షాపు తెరవకుండా రాస్తున్నా.

కర్నూలు పాతూర్లో నాది మోటార్ వైండింగ్ షాపు. ఇరవై ఏళ్లుగా ఆదివారం వస్తే రిమోట్‌తో నడిచే చిన్న విమానాలు ఎగరేస్తా. కొన్నవి కావు, నా చేత్తో చేసినవి. ఇప్పుడున్నది థర్మాకోల్ షీటు, వెదురు బద్ద, రెక్క అడుగున పాత ఫ్లెక్సీ ముక్క, 1000 కేవీ (అంటే వోల్టుకు వెయ్యి చుట్లు) బ్రష్‌లెస్ మోటారు, రెక్కల, తోక మడతలు తిప్పే చిన్న మోటార్లు (సర్వోలు) నాలుగు, 2200 ఎంఏహెచ్ బ్యాటరీ. ఎదురింటి కిరాణా కొట్టు కాటా మీద పెడితే 780 గ్రాములు తూగింది. కెమెరా లేదు, జీపీఎస్ లేదు. చేతిలో రిమోట్ పుల్ల ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, అంతే.

సుంకేసుల రోడ్డులో ఉల్లి తీసేసిన చేను ఒకటుంది, అక్కడ ఎగరేస్తాం. మొన్న ఒక ఆదివారం ఇద్దరు కానిస్టేబుళ్లు బండి మీద వచ్చి "ఆ డ్రోన్ ఎవరిది?" అన్నారు. డ్రోన్ కాదు సార్, విమానం అంటే వినలేదు. వాళ్లనూ పూర్తిగా తప్పు పట్టను. ఇదే జిల్లాలో ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) పరీక్షల రేంజిలో 2025 ఏప్రిల్‌లో లేజరుతో డ్రోన్‌ను కాల్చి కూల్చారు. ఆ వీడియో చూడనివాళ్లు ఊర్లో లేరు. ఆకాశంలో ఏది కదిలినా అనుమానమే.

స్టేషనులో హెడ్ కానిస్టేబుల్, కెమెరా ఎక్కడుందో అని ముప్పావు గంట వెతికినాడు. విమానం ముక్కు విప్పించినాడు. రెక్కను బొటనవేలితో నొక్కి చూసినాడు, ఆ గుంత ఇప్పటికీ అట్లే ఉంది. నంబరు లేకుండా ఎగరేస్తే లక్ష రూపాయల దాకా జరిమానా అని ఒక కాగితం చదివినాడు. అది నిజమే, రూల్సులో ఉంది. నన్ను కుంగదీసింది అది కాదు. నా దగ్గర రెండు బోరు మోటార్లు వైండింగ్ చేయించుకుని ఏడాదిగా డబ్బులివ్వని ఆసామి ఒకడు అదే బెంచీ మీద ఏదో పొలం పంచాయితీకి వచ్చి కూర్చోనున్నాడు. నన్ను చూసి "ఏం మేస్త్రీ, దొరికినావా?" అన్నాడు. నోరెత్తలేకపోయినా.

సరే, నంబరు తీసుకుందాం అనుకున్నా. డ్రోన్ రూల్స్ వచ్చింది 2021 ఆగస్టు 25న. అన్నీ ప్రింటు తీయించి చదివినా. చదివితే మనమీద అంత కక్షేమీ లేదు. 250 గ్రాములు దాటి 2 కిలోల దాకా ఉంటే మైక్రో తరగతి. వ్యాపారానికి కాకుండా సరదాకు ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కంటికి కనిపించే దూరంలోనే ఎగురుతూ చదువుకో, పరిశోధనకో, కాలక్షేపానికో వాడేది 25 కిలోల దాకా మోడల్ కిందికి వస్తుంది, దానికి డిజైను పరీక్షించి ఇచ్చే టైప్ సర్టిఫికెట్ కూడా వద్దు. నంబరు మాత్రం కావాలి. దానికి డి-2 అని ఫారం, ఫీజు 100 రూపాయలు. నెట్ సెంటర్ పిల్లోడు పాస్‌పోర్టు లేకుంటే కాదని నన్ను వెనక్కి పంపినాడు. ఆ పద్ధతి 2024లోనే మార్చారు, ఓటరు కార్డో డ్రైవింగ్ లైసెన్సో చాలు. వాని మాట విని రెండు రోజులు పోగొట్టుకున్నా. నెట్ సెంటర్లకు పోకండి, ఫోన్లో మీరే చేసుకోండి.

సర్కారు సైటులో ఖాతా తెరవడం, ఓటీపీ, చిరునామా, అంతా పది నిమిషాలు.

తర్వాత వచ్చిందప్పా అసలుది. ఫారంలో మూడు గడులు. విమానం సీరియల్ నంబరు. ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూల్ సీరియల్ నంబరు. రిమోట్ సీరియల్ నంబరు. మొదటిది నాకు నేనే పెట్టుకున్నా: కేఎన్ఎల్ 01, రెక్క మీద మార్కరుతో రాసేసినా. రెండోదానికి ఆగిపోయినా. ఫ్లైట్ కంట్రోలర్ అంటే గాలిలో విమానాన్ని తనంతట తాను సరిచేసే బోర్డు. నాలుగు ఫ్యాన్ల డ్రోన్ అది లేకుండా అర నిమిషం కూడా గాలిలో నిలవదు. రెక్కలున్న విమానానికి దాంతో ఏం పని? ఆ ఫారం రాసినాయప్ప విమానాన్ని తోక పట్టుకుని ఎప్పుడూ చేత్తో విసిరుండడు.

'లేదు' అని టైపు చేస్తే తీసుకోలేదు. సున్నా వేస్తే తీసుకోలేదు. ఒక సహాయం నంబరుకు ఫోన్ చేసినా. అవతలాయన హిందీ. కర్నూల్లో పుట్టినోనికి ఉర్దూ భయమా?

"కంట్రోలర్ కౌన్సీ కంపెనీ కా హై?" (ఏ కంపెనీది?)

"కంట్రోలర్ నహీ హై సాబ్. మైఇచ్ కంట్రోలర్ హూ." (కంట్రోలర్ లేదు సార్, నేనే కంట్రోలర్.)

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మళ్లీ "ఆప్‌కా సీరియల్ నంబర్ బతాయియే", అంటే మీ సీరియల్ నంబరు చెప్పండి అన్నాడు. దేవుని తోడు, అట్లే అన్నాడు. ఆధార్ నంబరు చెబుదామా అనుకున్నా. నాలుగు రోజుల్లో ఆరుసార్లు చేసినా, ఆరుగురు ఆరు రకాలుగా చెప్పినారు. ఒకాయన ఏకంగా, మీ విమానం విమానం కాదు కాబట్టి నంబరు అక్కర్లేదన్నాడు. అదే ముక్క కాగితం మీద రాసియ్యి సామీ అంటే ఫోను పెట్టేసినాడు.

చివరికి ఏం చేసినానో చెబితే నవ్వుతారు. పెళ్లిళ్ల వీడియోలు తీసే కుర్రోడొకడు నా దగ్గర మోటార్లు బాగు చేయించుకుంటాడు. వాని పాత డబ్బాలోంచి స్టిక్కరు ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డొకటి అడుక్కున్నా. 11 గ్రాములు. బ్యాటరీ వెనకాల అతికించి వైర్లు కలిపినా, తోక బరువైంది కాబట్టి బ్యాటరీని అర అంగుళం ముందుకు జరిపినా. గడి నింపడానికి విమానానికి బుర్ర పెట్టినట్టయింది. నిజం చెప్పాలంటే, ఇప్పుడు ఎదురుగాలిలో కాస్త నిలకడగానే పోతోంది. ఈ మాట ఆదివారం జట్టుకు చెప్పను.

రిమోట్ నంబరు ఇంకో కథ. వెనక స్టిక్కరు ఇన్నేళ్ల చెమటకు అరిగి తెల్లబడింది. పాండ్స్ పౌడర్ రుద్ది, ఫోన్ టార్చి అడ్డంగా పట్టి, మా పాపతో చదివించినా. దరఖాస్తు పంపిన కొన్నాళ్లకు తిరిగొచ్చింది. ఎందుకని తలపట్టుకుంటే, మేము 8 అనుకున్నది ఇంగ్లీషు బి. మీ రిమోట్ కొత్తగా ఉన్నప్పుడే ఆ స్టిక్కరును ఫోటో తీసి పెట్టుకోండి. ఈ ఒక్క ముక్క కోసమే ఇదంతా రాసినా అనుకున్నా ఫరవాలేదు.

మా చెల్లెలి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వానికీ ఇదే పిచ్చి. అక్కడ సరదాకు ఎగరేసేవాళ్లు 5 డాలర్లు కడితే మూడేళ్లకు ఒకటే నంబరు, ఇంట్లో ఎన్ని విమానాలున్నా అదే. కానీ 250 గ్రాములు దాటితే, తానెక్కడ ఎగురుతోందో రేడియోలో చెప్పుకుంటూ పోయే రిమోట్ ఐడీ ఉండాలి. 2024 మార్చి 16 నుంచి గట్టిగా పట్టుకుంటున్నారు. ప్రభుత్వం గుర్తించిన క్లబ్బు మైదానాల్లో మాత్రం అది లేకున్నా నడుస్తుంది. మన రూల్సులో కూడా అట్లాంటి బీకన్ సంగతి రాసుంది, తర్వాత నోటిఫై చేస్తాం, కనీసం ఆరు నెలలు గడువిస్తాం అని. అది వచ్చిన రోజు నేను గాలిపటాలకు మారిపోతా. ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ అంటున్నారు, సంతోషమే. అందులో ఒక్క ఎకరా థర్మాకోల్ వాళ్లకు వదిలినా బాగుండు.

ఇంకొకటి, చేనుకు పోయే ముందు సర్కారు డ్రోన్ మ్యాపు చూడండి. ఎయిర్‌పోర్టు గోడ నుంచి 12 కిలోమీటర్లు దాటి, ఆకుపచ్చ రంగులో ఉంటే 400 అడుగుల దాకా అనుమతి అడగక్కర్లేదు. ఆ మ్యాపూ, రూల్సు కాగితాలూ జేబులో ఉంచుకోండి. నోటితో చెబితే ఎవరూ వినరు.

ఇది రాస్తుండగానే షాపు ముందు ఆటో ఆగింది. స్టేషను బోరు మోటారు కాలిపోయిందంట, హెడ్డే స్వయంగా పట్టుకొచ్చినాడు. నేమ్ ప్లేటు ఎప్పుడో ఊడిపోయింది. "సీరియల్ నంబరు ఎంత సార్?" అని అడిగినా. తల గోక్కున్నాడు. కనుక్కొని రండి, అప్పుడు విప్పుతా అన్నా. ఎండలో పది నిమిషాలు నిలబడినాడు. తర్వాత విప్పినా గానీ, వైండింగుకు రేటు మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు.