నిలువుగా ఎత్తే బెల్టుకు మోటారు, పుల్లీల లెక్క

అడ్డంగా కదిలే బెల్టుకు వేసిన లెక్కే నిలువుగా ఎత్తే బెల్టుకూ సరిపోతుందని నమ్మి నేను కట్టిన మొదటి జెడ్ యాక్సిస్ (యంత్రంలో పైకీ కిందికీ కదిలే భాగం), ఒక మధ్యాహ్నం కరెంటు పోగానే బెల్టు మోసే 8 కిలోల క్యారేజీతో సహా జారిపడి కింది ప్లేటును సొట్ట పెట్టింది. అప్పుడు నా చెయ్యి ఆ ప్లేటుకు జానెడు దూరంలో ఉంది. మరునాడు కాగితం ముందు పెట్టుకుని లెక్కంతా మొదటి నుంచి వేశాను.

అడ్డంగా కదిలే యాక్సిస్‌లో మోటారు రాపిడిని తట్టుకుని వేగం అందుకుంటే చాలు. ఆగిన తరువాత దానికి దాదాపు పని ఉండదు. నిలువుగా ఎత్తేచోట మాత్రం క్యారేజీ కదలకుండా నిలబడి ఉన్నా బరువంతా మోటారు మీదే ఉంటుంది. నా 8 కిలోల క్యారేజీ బరువు 78.5 న్యూటన్లు. సెకనుకు సెకనుకు 2 మీటర్ల చొప్పున వేగం పెంచడానికి మరో 16 న్యూటన్లు కావాలి, గైడ్ల రాపిడికి 6 న్యూటన్లు వేసుకున్నాను. మొత్తం సుమారు 100 న్యూటన్లు.

ఈ బలం మోటారుకు ఎంత టార్కుగా (తిప్పే బలంగా) చేరుతుందో నిర్ణయించేది బెల్టును తిప్పే పుల్లీ వ్యాసార్థం. బావిలో నీళ్ళు తోడేటప్పుడు గిలక పెద్దదైనా చిన్నదైనా చేతికి తెలిసే బరువు మారదు, ఎందుకంటే గిలక తాడును మళ్ళిస్తుందే తప్ప లాగదు. యాక్సిస్ పైకొసన ఉండే ఖాళీ పుల్లీ అచ్చంగా అలాంటిదే, కనుక దాని సైజు టార్కు లెక్కలోకి రాదు. తిప్పే పుల్లీ సంగతి వేరు. 5 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క పళ్ళ మధ్య దూరం) ఉన్న బెల్టుకు 20 పళ్ళ పుల్లీ వేస్తే ఒక చుట్టుకు 100 మిల్లీమీటర్ల కదలిక వస్తుంది, వ్యాసార్థం 15.9 మిల్లీమీటర్లు అవుతుంది, టార్కు 1.59 న్యూటన్ మీటర్లు కావాలి. నేను మొదట కొన్న నెమా 23 సైజు స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే మోటారు) మీద 1.9 అని రాసి ఉండడంతో సరిపోతుందనుకున్నాను. ఆ అంకె మోటారు తిరగకుండా నిలబడి ఉన్నప్పటి టార్కు. స్టెప్పర్ మోటారు టార్కు వేగం పెరిగే కొద్దీ పడిపోతుంది, వోల్టేజీ తక్కువైతే ఇంకా త్వరగా పడిపోతుంది. 24 వోల్టులతో నడిపినంత కాలం, పైకి వేగంగా ఎత్తినప్పుడల్లా నా మోటారు స్టెప్పులు వదిలేసేది. మోటారు కొనే ముందు డేటా షీటులో వేగానికి, టార్కుకు గీసిన రేఖను చూడవలసిందే. పెట్టె మీది అంకెను నమ్మకూడదు.

పుల్లీని చిన్నది చేస్తే టార్కు తగ్గుతుంది గానీ దానికి హద్దు ఉంది. బెల్టు పుల్లీని చుట్టిన భాగంలో కనీసం 6 పళ్ళు పట్టి ఉండాలి, మరీ చిన్న పుల్లీ మీద వంగి వంగి బెల్టు త్వరగా అలసిపోతుంది. అందుకని ఎత్తే పుల్లీని 20 పళ్ళతోనే ఉంచి, మోటారుకూ దానికీ మధ్య 20 పళ్ళ పుల్లీ నుంచి 60 పళ్ళ పుల్లీకి మరో బెల్టు వేశాను. రెండు షాఫ్టుల మధ్య దూరం 120 మిల్లీమీటర్లు ఉండడం వల్ల చిన్న పుల్లీ మీద 8 పళ్ళు పడుతున్నాయి. కావలసిన టార్కు మూడో వంతుకు, అంటే నష్టాలతో కలిపి సుమారు 0.56కు దిగింది. దానికి రెట్టింపు, 1.1, చేతిలో ఉండాలని నా నియమం. సెకనుకు 300 మిల్లీమీటర్ల వేగానికి మోటారు నిమిషానికి 540 చుట్లు తిరగాలి. అదే మోటారు 48 వోల్టుల వద్ద ఆ వేగంలో 1.2 దాకా ఇస్తుందని రేఖ చూపింది. ఒక స్టెప్పుకు కదలిక అర మిల్లీమీటరు నుంచి 0.167కు తగ్గడం అదనపు లాభం.

ఇంత చేసినా కరెంటు పోతే క్యారేజీ పడుతుంది. కొన్ని రకాల స్క్రూల లాగా తనంతట తాను ఆగే గుణం బెల్టుకు లేదు. సమాన బరువున్న కౌంటర్ వెయిట్ వేలాడదీస్తే మోటారు భారం చాలా తగ్గుతుంది, కానీ కదిలే ద్రవ్యరాశి 16 కిలోలు అవుతుంది, వెనుక మరో జత గైడ్లకు చోటు కావాలి. నా ఫ్రేములో ఆ చోటు లేదు. కరెంటు పోగానే స్ప్రింగు బలంతో పట్టుకునే బ్రేకును ఎంచుకున్నాను. దాన్ని మోటారు షాఫ్టుకు బిగిస్తే 0.42 న్యూటన్ మీటర్లు ఆపితే చాలు, చవకగా కూడా దొరుకుతుంది. అయితే మధ్య బెల్టు తెగిన రోజున ఆ బ్రేకు మోటారును మాత్రమే పట్టుకుని ఉంటుంది, క్యారేజీ కిందికి వచ్చేస్తుంది. అందుకని 60 పళ్ళ పుల్లీ ఉన్న రెండో షాఫ్టుకే బిగించాను. అక్కడ బరువును నిలపడానికే 1.25 కావాలి, నేను 2.5 ఆపగల బ్రేకు వేశాను. ఖర్చు పెరిగినందుకు నాకు బాధ లేదు.

క్యారేజీని పైకి తీసుకెళ్ళి, గైడు మీద పెన్సిలుతో గీత గీసి, మెయిన్ స్విచ్ ఆపి చూశాను. బ్రేకు టక్కున పట్టేలోగా క్యారేజీ 3 మిల్లీమీటర్లు జారింది. ఇక ఎత్తే బెల్టే తెగితే ఏ బ్రేకూ ఆపలేదు, కనుక క్యారేజీ కింద చెయ్యి పెట్టే పని ఉన్నప్పుడల్లా ఫ్రేముకు రంధ్రం చేసి పెట్టుకున్న 12 మిల్లీమీటర్ల ఇనుప పిన్నును ముందు దూరుస్తున్నాను.