మా లాయరు గారిపై బార్ కౌన్సిల్‌కు వెళ్లాను

నాన్న ఆస్తిలో నా వాటా కోసం వేసిన పార్టిషన్ దావాను డిఫాల్ట్ కింద, అంటే వాయిదాకు మా తరఫున ఎవరూ హాజరు కాలేదని, కొట్టేశారని ఈకోర్ట్స్ యాప్‌లో చూసి తెలుసుకున్నాను. అప్పటికే నెలలు గడిచిపోయాయి. అన్ని నెలలూ మా లాయరు గారు "వాయిదా పడిందమ్మా, మీరు రానక్కర్లేదు" అని మెసేజీలు పెడుతూనే ఉన్నారు, ఫీజు తీసుకుంటూనే ఉన్నారు. కాగితాలు ఇమ్మంటే బాకీ కడితేనే అన్నారు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి లేదు. లాయర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మేలో తేల్చేసింది. మిగిలింది 1961 నాటి అడ్వకేట్స్ చట్టం, 35వ సెక్షన్: లాయరు దుష్ప్రవర్తనపై రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు, అంటే లాయర్లను నియంత్రించే సంస్థకు, ఫిర్యాదు చేయడం.

అయితే బార్ కౌన్సిల్ లాయరు నడవడికను విచారిస్తుందే తప్ప పోయిన దావాను తిరిగి ఇప్పించదు. అందుకే ముందు కొత్త లాయరమ్మను పెట్టుకుని, కొట్టేసిన దావాను తిరిగి తెరవమని రెస్టోరేషన్ పిటిషన్ వేశాం. దానికి గడువు 30 రోజులే. అది దాటిపోయింది కనుక ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ జతచేశాం. పాత లాయరు నో అబ్జెక్షన్ ఇవ్వనందుకు, వకాలత్ మార్చుకోవడానికి కోర్టు అనుమతి తీసుకోవలసి వచ్చింది.

బార్ కౌన్సిల్‌కిచ్చే ఫిర్యాదును ప్లెయింటులాగే (కోర్టులో వేసే దావా పత్రంలాగే) సంతకం, రాసింది నిజమని చెప్పే వెరిఫికేషన్‌తో రాయాలి. నేను పడ్డ బాధంతా రాసుకెళ్తే కొత్త లాయరమ్మ సగం కొట్టేశారు. "కేసు పోవడం దుష్ప్రవర్తన కాదండీ. వాయిదాకు రాలేదంటే నిర్లక్ష్యం అంటారు, వదిలేయొచ్చు కూడా. కొట్టేసిన సంగతి దాచి డబ్బు తీసుకున్నారు చూడండి, అది రుజువు చేయాలి" అన్నారు. నా ఫిర్యాదు నిలబడింది ఆ మాట మీదే. దావా కొట్టేసిన ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఆ తేదీ తర్వాత వచ్చిన ప్రతి మెసేజీ, ఫోన్‌పేలో పంపిన ప్రతి రూపాయి తేదీల వారీగా పక్కపక్కన పెట్టాం. మెసేజీల ప్రింట్లు సాక్ష్యంగా చెల్లడానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా ఇచ్చాం.

పాత లాయరు గారి జవాబు చూశాక కౌన్సిల్ విషయాన్ని ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపింది. అక్కడ విచారణ కోర్టులో లాగే ఉంటుంది: ప్రమాణం, సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్. నన్ను గట్టిగానే అడిగారు. తేదీలు చేతిలో ఉన్నాయి కనుక తడబడలేదు.

మధ్యలో రాజీకి పెద్దమనుషులు వచ్చారు. కాగితాలన్నీ ఇంటికి చేరాయి. ఫీజు బాకీ పేరుతో క్లయింటు ఫైలు పట్టి ఉంచుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది కనుక అదేమీ ఉపకారం కాదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నారు. రాజీ అయినంత మాత్రాన విచారణ ఆగదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. నేనూ తీసుకోదలచలేదు. ఆయన దగ్గరికి రేపు ఇంకో ఆడపిల్ల వాటా కోసం వెళ్తుంది.

ఏడాదిలోపు తేలకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. పాత లాయరు వాయిదాలు అడిగినప్పుడల్లా మేం ఆ సెక్షన్, 36బి, గుర్తుచేస్తూ మెమో వేశాం. గడువులోనే ఉత్తర్వు వచ్చింది: కొంతకాలం ప్రాక్టీసు సస్పెన్షన్. ఆయన 60 రోజుల్లోపే ఢిల్లీలో, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర, అప్పీలు వేశారు. దానికి కౌంటరు రాస్తున్నాం. దావా మాత్రం తిరిగి ఫైలుకెక్కింది, సాక్ష్యాల దశలో ఉంది.