డిండి బొచ్చెకు ఫైబర్ బొమ్మ

మా షాపు గోడ మీదున్న బొచ్చె చేపను చూసి "ఎండబెట్టిందా అన్నా?" అని అడగని గిరాకీ లేడు. కాలిపోయిన బోరు మోటారును ఆటోలోంచి దించుతూ కూడా తలెత్తి చూస్తారు. ఒకాయనైతే స్టూలెక్కి వాసన చూశాడు. అసలు చేపను పులుసు పెట్టుకుని తిన్నాం, ఇది దాని బొమ్మ అంటే నమ్మరు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పడం నావల్ల కావడం లేదు. ఇకపై అడిగినవాళ్లకు ఇది పంపిస్తాను.

నాది దేవరకొండలో మోటార్ వైండింగ్ పని. యాసంగిలో మోటార్లు వరసబెట్టి కాలే రోజుల్లో అన్నం తినే తీరిక ఉండదు. వానలు పడితే పని తగ్గుతుంది, నీళ్లు వస్తాయి, నేను గాలం బయటికి తీస్తాను. ఎక్కువగా పోయేది డిండి ప్రాజెక్టుకు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేవాళ్లందరికీ ఆ కట్ట తెలుసు. మత్స్యకారుల సొసైటీ వాళ్లను అడిగి, వాళ్ల వలలకు అడ్డం రాని చోటు చూసుకుని కూర్చుంటాను. పల్లిచెక్క, తవుడు కలిపి కొంచెం బెల్లం నీళ్లతో ముద్ద చేస్తే బొచ్చెకు చాలు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు, అడుగున బురద తవ్వే చేప కాదు. అందుకని బెండు కాస్త కిందికి జరిపి, ముద్ద నీళ్ల పైభాగంలోనే ఆడేలా కడతాను. పోయినేడు వానకాలంలో దొరికిన ఆ చేప గాలాన్ని ఎట్లా లాగింది, రీల్ ఎట్లా అరిచింది అన్నది మాత్రం రాయను. గాలం వేసేవాళ్లందరూ ఆ కథే చెబుతారు, అందరిదీ ఒక్కతీరుగానే ఉంటుంది.

రాయాల్సింది ఒడ్డుకు తెచ్చాక చేసిన పని గురించి. వైండింగ్‌లో మొదటి పాఠం ఒకటుంది: పాత కాయిల్ విప్పే ముందు చుట్లు లెక్కపెట్టి, వైరు గేజి చూసి, నోట్‌బుక్‌లో రాసుకోవాలి. విప్పాక ఎవరినడిగినా చెప్పలేరు. ఆ అలవాటు కొద్దీ సంచిలోంచి టేపు తీశాను. ముక్కు కొస నుంచి తోక కొస దాకా 95 సెంటీమీటర్లు. వీపు రెక్క మొదలయ్యే చోట చుట్టు కొలిస్తే 68. తల ఎంత, తోక మొదట్లో మందం ఎంత, కన్ను ఎంత, అన్నీ రాసుకున్నాను. తర్వాత ఫొటోలు. చేపను రొమ్ముకు ఎత్తి పట్టుకుని, చేతులు ముందుకు చాపి తీసుకునే ఫొటో వాట్సాప్‌కు బాగుంటుంది, బొమ్మ చేసేవాడికి ఎందుకూ పనికిరాదు. తడి గోనెసంచి మీద పండబెట్టి, నీడలో, ఫ్లాష్ లేకుండా, నేరుగా పైనుంచి రెండు పక్కలా తీయాలి. రెక్కలను వేళ్లతో విప్పి ఒక్కోదాన్నీ విడిగా తీయాలి. ఇదంతా చేప తడి మీద ఉండగానే కావాలి. అరగంట గడిస్తే వీపు మీది ఆకుపచ్చ నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది.

పక్కనే పుట్టిలోంచి దిగిన సొసైటీ పెద్దమనిషి ఇదంతా చూసి, "ఏంది బిడ్డా, చేపకు పంచనామా చేస్తున్నవా?" అన్నాడు.

బజారులో తూకం వేయిస్తే 14 కిలోల 600 గ్రాములు. విదేశాల్లో గాలం వేసేవాళ్లు తూకం లేనప్పుడు ఒక లెక్క వాడతారు. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 800తో భాగిస్తారు. కొలతలు అంగుళాల్లో ఉంటే బరువు పౌండ్లలో వస్తుంది. సెంటీమీటర్ల నుంచి కిలోలు కావాలంటే దాదాపు 28,900తో భాగించాలి. నా చేపకు వేస్తే 15 కిలోల పైచిలుకు వచ్చింది. ఉజ్జాయింపు లెక్కకు అంత తేడా ఏమీ కాదు. నా దోస్తుల నోట్లో మాత్రం దసరా నాటికి ఆ చేప ఇరవై అయింది, సంక్రాంతికి ఇరవై అయిదు. టేపు లేకపోతే నేను కూడా వాళ్ల వెంటే పోయేవాణ్ణేమో.

అదే రాత్రి తలకాయ పులుసు, మిగతాది వాడకట్టుకు పంపకం. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లోకి ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది కదా, అట్లా వచ్చిన పిల్లే ఇంత అయి ఉంటుందని మా పక్కింటి సారు లెక్కలు వేస్తూ రెండు ముక్కలు ఎక్కువే తిన్నాడు.

చేప బొమ్మల సంగతి నాకు ముందే తెలుసు, వీడియోల పుణ్యం. ఇంగ్లండులో 19వ శతాబ్దం నుంచే పట్టిన చేపను స్టఫ్ చేసి అద్దాల పెట్టెలో పెట్టేవాళ్లు. లండన్‌లో జె. కూపర్ అండ్ సన్స్ అని దానికి పేరుమోసిన కంపెనీ. ముందుకు ఉబ్బిన అద్దం, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో చేప బరువు, పట్టిన చోటు, తేదీ. జపాన్ వాళ్లది ఇంకా తేలిక పని. చేపకు సిరా పూసి పైన కాగితం అద్ది, నిండు సైజు ముద్ర తీసుకుంటారు, దాన్ని గ్యోటకు అంటారు. అసలు తోలుతో చేసే బొమ్మకు రెండు కష్టాలు. చేపలోని నూనె ఏళ్ల తరబడి ఊరుతూ రంగును పచ్చబరుస్తుంది, రెక్కలు ఎండి పగులుతాయి. పైగా తోలులో రంగు నిలవదు కాబట్టి ఎట్లాగూ పెయింటే వేయాలి. అందుకే ఇప్పుడు ఎక్కువమంది ఫైబర్‌కు మారారు. కొలతలూ ఫొటోలూ ఇస్తే చాలు, చేపను నీళ్లలోకే వదిలేయవచ్చు, లేదా నాలాగా తినేయవచ్చు.

విదేశాల్లో ట్రౌట్, సాల్మన్, బాస్ చేపలకు రకరకాల సైజుల్లో అచ్చులు తయారుగా ఉంటాయి, అంగుళానికి ఇంత అని రేటు చెబుతారు. మన బొచ్చెకు ఆ అచ్చు ఎవరి దగ్గరుంటుంది?

నల్గొండలో ఫైబర్ విగ్రహాలు చేసే ఒకాయన దగ్గరికి పోయాను. షెడ్డు నిండా అంబేడ్కర్లు, చాకలి ఐలమ్మలు, సగం అయిన సర్వాయి పాపన్న. నా ఫొటోలు చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనిషికైతే ముక్కు, మూతి, మీసం చూసి పోలిక పడతం. దీనికి పోలిక ఎక్కడ పట్టాలన్నా?" అన్నాడు. ఆ ప్రశ్న అడిగినందుకే ఆయనకు పని ఇచ్చాను. అంతకుముందు ఇంకొకాయన "రేపు ఇస్త" అన్నాడు, అక్కడి నుంచి వచ్చేశాను. రేటు 22,000 దగ్గర తెగింది, పెయింటింగ్ కాకుండా. ఇంట్లో మాత్రం బొమ్మ ఆయన మన గిరాకీయే, మోటారు బాకీ కింద చేసిచ్చాడని చెప్పాను. ఈ పోస్టు మా ఆవిడ చదవదని నమ్మకం.

అచ్చుకు చేప కావాలి. పానగల్ ఉదయసముద్రంలో వలలు వేసేవాళ్లకు చెప్పిపెడితే 91 సెంటీమీటర్ల బొచ్చె ఒకటి పంపారు. ముందు పటిక నీళ్లతో దాని జిగురు మొత్తం కడిగాం. జిగురు ఉంటే పొలుసుల గీతలు ప్లాస్టర్‌లో పడవు. తడి మట్టిలో సగం దాకా దింపి, రెక్కల కింద మట్టి ఎత్తి, పై సగానికి అచ్చు, తిప్పి రెండో సగానికి అచ్చు. అచ్చు లోపల రెజిన్ పూసి, ఫైబర్ మ్యాట్ పరిచి, మళ్లీ రెజిన్. ఆరాక రెండు సగాలూ కలిపి అతుకు మీద పుట్టీ. మా షాపులో వార్నిష్ పట్టిన కాయిల్‌ను వేడి చేసి ఆరబెడతాం, ఇందులో హార్డ్‌నర్ కలిపితే దానంతట అదే వేడెక్కి గట్టిపడుతుంది. తొందరపడి హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే పగుళ్లిస్తుంది. బయట ముసురు పట్టి ఉండటంతో పై పొర రోజుల తరబడి బంకగానే ఉండిపోయింది, ఫోను చేసినప్పుడల్లా "ఎండ రానీ అన్నా" అనేవాడు.

తక్కువైన 4 సెంటీమీటర్లను ఆయన సాధించిన తీరు నాకు బాగా నచ్చింది. ఫైబర్ ఒంటిని వీపు రెక్క వెనక అడ్డంగా కోసి, రెండు ముక్కలనూ దూరం జరిపి, మధ్యలో పట్టీ వేశాడు. ఆ పట్టీ మీద పొలుసులను సూదిలాంటి ఉలితో ఒక్కొక్కటే గీశాడు. బొచ్చె ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత పోతుంది చూడండి, దాని మీద 40కి అటూ ఇటూ పొలుసులుంటాయి. పట్టీ వేశాక లెక్క పెరగకూడదని చుట్టుపక్కల పొలుసులను ఒక్క పిసరు సాగదీసి గీశాడు. ఇప్పుడు వెతికినా ఆ చోటు దొరకదు.

గొడవ వచ్చింది తోక దగ్గర. నా చేప తోక కింది పాయ కొస చిరిగి ఉంది, ఎప్పటిదో గాయం. ఎడమ పక్కన మొప్ప వెనకాల కొన్ని పొలుసులు ఊడి మళ్లీ వచ్చాయి, వరస తప్పి, చిన్నా పెద్దాగా. నేను పోయేసరికి ఆయన తోకను చక్కగా సరిచేసి, కుడి పక్క బయటికి కనబడేలా పలక కూడా బిగించేశాడు.

"ఇది నాది కాదు" అన్నాను.

"అందంగ చేసిన గదన్నా! కాలు విరిగిన దేవుణ్ణి ఎవరన్న పూజిస్తరా?"

"నేను పూజించను, గుర్తుపడతా."

ఆయన బాధపడ్డాడు. విగ్రహాల పనిలో ఉన్నవాళ్ల చెయ్యి దానంతట అదే సరిచేసుకుంటూ పోతుంది, అది ఆయన తప్పు కాదు. బట్టతల ఉన్న నాయకుడికి కూడా ఇంటివాళ్లు జుట్టు పెట్టించుకుపోయే షెడ్డు అది. కానీ నిండు తోకతో, నున్నటి ఒంటితో బొచ్చె కావాలంటే నేను బొమ్మల కొట్టులో కొనుక్కునేవాణ్ణి. 95 సెంటీమీటర్ల బొచ్చెలు ప్రాజెక్టుల్లో ఎన్నో ఉంటాయి. కింది పాయ చిరిగి, మొప్ప వెనక వరస తప్పినది ఒక్కటే. బొమ్మ చేయించేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: డబ్బులు చేతిలో పెట్టే ముందు మీ చేపకున్న మచ్చలు, గాయాలు, వంకరలు కాగితం మీద రాసి ఇవ్వండి, "ఇవి సరిచేయొద్దు" అని పెద్ద అక్షరాలతో. చివరికి ఆయన ఫొటో పక్కన పెట్టుకుని తోకను చిన్న రంపంతో తానే కోశాడు. కోసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రెక్కలు విడిగా పోశాడు, పలచగా, వెలుతురు దాటేట్టు. కళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించిన గాజువి.

రంగు మాత్రం దేవరకొండలోనే వేయించాను. ఫైబర్ ఒంటిని దుప్పట్లో చుట్టి బస్సులో తెస్తుంటే కండక్టర్ దుప్పటి ఎత్తి చూసి, "ప్రాణం లేదు కాబట్టి టికెట్ లేదు పో" అన్నాడు. బస్టాండ్ వెనక కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే కుర్రాడున్నాడు. స్ప్రే గన్ చేతిలో ఉంటే వాడు మాట్లాడడు. ముందు ప్రైమర్, పైన వెండి, వీపు మీద నల్లటి ఆకుపచ్చ, పొట్ట తెలుపు, చివరికి పెర్ల్ కోటింగ్, దాని మీద లక్కర్. కార్ల మీది పెర్ల్ మెరుపు ఇప్పుడు మైకాతో వస్తుంది. ఒకప్పుడు కృత్రిమ ముత్యాలకు పూసే మెరుపును చేప పొలుసుల నుంచే తీసేవాళ్లు, చేప ఒంట్లోని గ్వానిన్ అనే పదార్థం స్ఫటికాలవి. ఈ మాట చెప్పగానే వాడు మొదటిసారి గన్ కింద పెట్టి, "అంటే చేప రంగు చేపకే వేస్తున్నమా?" అన్నాడు.

మొదటి కోటింగ్‌లో కొత్త కారులాగా తళతళలాడింది. ప్రతి పొలుసు కొసకూ సన్నటి బ్రష్షుతో బూడిద రంగు అద్దిస్తే గానీ అది చేప కాలేదు. సగం పక్క అయ్యేసరికి వాడు నన్ను తిట్టుకోవడం నాకు వినిపించింది. రెండో పక్క గోడ వైపే కదా, వదిలేద్దామా అంటే వాడే ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఎడమ పక్క బయటికి పెట్టి, పలక మీద ప్రాజెక్టు పేరు, పొడవు, చుట్టుకొలత, తూకం రాయించాను. నా పేరు రాయించలేదు, షాపు బోర్డు మీద ఎట్లాగూ ఉంది. నెలకోసారి తడిబట్టతో తుడిస్తే సరిపోతుంది. ఎండ తగిలే గోడకు పెట్టొద్దు, లక్కర్ పచ్చబడుతుంది.

అచ్చు నల్గొండ ఆయన దగ్గరే ఉంది. అందుకని బొచ్చె కావాలంటే ఇప్పుడు తక్కువలోనే అవుతుందట, సైజు కాస్త అటూ ఇటూ అయినా కోసి సాగదీస్తాడు. మిర్యాలగూడ నుంచి ఒకాయన వాలుగ కావాలని నాకు ఫోను చేశాడు. వాలుగకు పొలుసులుండవు, కాబట్టి పొలుసుల గీతల తిప్పలు లేవు. కానీ ఆ నున్నటి తోలు మీద రంగు దాచుకునే చోటు కూడా లేదు, పొట్ట కింద పొడుగునా పోయే రెక్క మరో తలనొప్పి. కొలతలు రాసుకున్నావా అన్నాను. ఎత్తి పట్టుకున్న ఫొటో ఒకటుందట. "ఇంకొకటి పట్టు" అని చెప్పాను.