ఫైళ్ల గదిలో ఒక శనివారం

శనివారం, 2081 మంసిర్ (నేపాలీ విక్రమ సంవత్సరం; మన లెక్కలో 2024 నవంబరు-డిసెంబరు)

నేపాల్‌లో వారానికి ఒక్కటే సెలవు, అది శనివారం. ఆదివారం బడులు, బ్యాంకులు, కార్యాలయాలు మామూలుగానే తెరుచుకుంటాయి. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు ఉద్యోగంలో ఆదివారం కోసమే ఎదురుచూసిన నాకు ఈ మార్పు ఇప్పటికీ పూర్తిగా వంటబట్టలేదు. అయితే నేను వాలంటీరుగా సాయపడే బాలల గృహంలో పిల్లలంతా ఉండేదీ, పనివాళ్లకు ఊపిరి సలపనిదీ శనివారమే కాబట్టి, మిగిలిన రోజుల్లో వెళ్లినా వెళ్లకపోయినా ఆ రోజు మాత్రం తప్పకుండా వెళ్తున్నాను.

ఉదయం లగన్‌ఖేల్‌లో బస్సు ఎక్కాను. మా అమ్మాయికి ఇక్కడ ఉద్యోగం రావడంతో ఆమెకు తోడుగా వచ్చి ఖాట్మండు పక్కనున్న లలిత్‌పూర్‌లో ఉంటున్న నేను రాజమండ్రిలో పుట్టి పెరిగినదాన్ని. అందుకే ఖలాసీ కుర్రవాడు తలుపు పట్టుకుని వేలాడుతూ "గోదావరి, గోదావరి" అని కేకలు వేస్తుంటే ఈరోజుకీ నవ్వు ఆపుకోలేను. ఈ ఖాట్మండు లోయకు దక్షిణాన కొండ కింద గోదావరి అనే ఊరు ఉంది, అందులో గోదావరి కుండం ఉంది. దక్షిణాదిలోని గోదావరి నీరే అక్కడ ఊరుతోందని ఇక్కడివారి నమ్మకం. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు, పన్నెండేళ్లకొకసారి, ఆ కుండం దగ్గర మేళా జరుగుతుంది. 2015లో మనవైపు పుష్కరాలు జరిగిన ఏడాదే ఇక్కడా మేళా జరిగింది. నేను పనిచేసే గృహం అంత దూరం కాదు, బాడేగావ్ దాటగానే దిగిపోవాలి. సెప్టెంబరు చివరలో కురిసిన కుంభవృష్టికి ఈ ప్రాంతం బాగా దెబ్బతిన్నది. దారిలో కొన్ని చోట్ల మట్టి దిబ్బలను ఇంకా తొలగించలేదు.

నేను వెళ్లేసరికి వాకిట్లో ఎండ పడే మేర అంతా బట్టలు ఆరేసి ఉన్నాయి. పెద్ద పిల్లలు తమ యూనిఫారాలు తామే ఉతుక్కుంటున్నారు. పిల్లల ఆలనాపాలనా చూసే దీదీలు (అక్కలు) చిన్నవాళ్లను వరుసగా కూర్చోబెట్టి, తలలకు ఆవనూనె రాసి, పేల దువ్వెనతో దువ్వుతున్నారు. కొందరు తలెత్తి "నమస్తే, హజురామా" అన్నారు. ఇక్కడ అమ్మమ్మనైనా నాయనమ్మనైనా అలాగే పిలుస్తారు. నేనూ నమస్తే చెప్పి, అక్కడ ఆగకుండా మేడ మీది ఫైళ్ల గదిలోకి వెళ్లిపోయాను.

ఆగకుండా వెళ్లిపోవడం నాకు వార్డెన్ పెట్టిన నిబంధన. నేను మొదటిసారి వచ్చినప్పుడే ఆవిడ ఒక కాగితం చేతికిచ్చి, చదివి సంతకం చేయమన్నారు. వాలంటీర్లు పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు, విడిగా బయటకు తీసుకుపోకూడదు, ఫొటోలు తీయకూడదు, కానుకలు ఇవ్వకూడదు, మీ అమ్మానాన్నలు ఎక్కడున్నారని అడగకూడదు. మనవల ఈడు పిల్లలను దగ్గరకు తీసుకోకూడదనే మాట విని ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ ఆవిడ చెప్పిన కారణం నాకు సబబుగా తోచింది. నెలకొకరు చొప్పున కొత్తవాళ్లు వచ్చి, ప్రేమ కురిపించి, ఏడ్చి, విమానం ఎక్కి వెళ్లిపోతుంటే, ఒకసారి తల్లిని వదిలి వచ్చిన బిడ్డ ఆ వదలడాన్నే మళ్లీ మళ్లీ అనుభవించవలసి వస్తుంది. కొన్నాళ్లకు ఆ బిడ్డ ఎవరు వచ్చినా చంకెక్కుతుంది, ఎవరు వెళ్లినా పట్టించుకోదు. దాన్ని చూసిన అతిథులు పిల్లలు ఎంత కలుపుగోలుగా ఉన్నారో అని మురిసిపోతారు. రాత్రి జ్వరం వస్తే లేచి చూసే దీదీల దగ్గరే పిల్లలకు చేరిక ఉండాలనీ, బయటివాళ్లు ఆ దీదీలకు పని తగ్గిస్తే చాలుననీ వార్డెన్ ఉద్దేశం. నాకు వచ్చిన పని లెక్కలు. అందుకని లెక్కల్లోకే దిగాను.

పొద్దుటి పూట పద్దుల పుస్తకంతో గడిచింది. బియ్యం, పప్పు, ఆవనూనె, గ్యాసు సిలిండర్లు, బడి ఫీజులు, మందులు. మన రూపాయికి ఇక్కడి రూపాయి ఒకటీ అరవై పైసలు, 1993 నుంచి ఆ మారకపు రేటు కదలలేదు కనుక భారతదేశం నుంచి వచ్చే విరాళాల లెక్క తేలిక. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఇంటికి తిరిగి వెళ్లిన పిల్లల పద్దు. తల్లి దగ్గరకో, తాత దగ్గరకో చేరిన పిల్లలకు బడి ఖర్చుకని నెలనెలా కొంత పంపుతున్నారు. అది ఇక్కడ ఉన్న బిడ్డపై అయ్యే తలసరి ఖర్చులో సగం కూడా లేదు. మన దేశంలో మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డను ఇంట్లోనే ఉంచి పెంచుకోవడానికి కుటుంబానికి నెలకు రూ. 4,000 ఇచ్చే ఏర్పాటు వెనుక ఉన్నదీ ఇదే లెక్క. అయినా బియ్యం బస్తాలు ఇస్తామని వచ్చే దాతలు చాలామంది ఉంటారు. ఇంటికి వెళ్లిపోయిన బిడ్డకు ఇస్తామనేవారు అరుదు. కళ్లెదుట లేని బిడ్డకు ఇవ్వడం కష్టం కాబోలు.

పదకొండు దాటాక గేటు దగ్గర కారు ఆగింది. యూరపు నుంచి వచ్చిన దంపతులు చాక్లెట్లు, రంగుపెన్సిళ్లు పట్టుకుని, హోటలువాళ్లు చెబితే వచ్చామన్నారు. వార్డెన్ వాళ్లను మర్యాదగా ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, సంస్థ ఏం చేస్తుందో అరగంట ఓపిగ్గా వివరించారు గానీ, పిల్లల దగ్గరకు మాత్రం పంపలేదు. వాళ్లు చిన్నబుచ్చుకున్నారు. నేపాల్‌లో ఉన్న బాలల గృహాలలో అత్యధికం ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, కాస్కీ, చిత్‌వన్ వంటి కొద్ది జిల్లాలలోనే ఉన్నాయి. పేదరికం ఎక్కువ ఉన్న జిల్లాలు ఇవి కావు, పర్యాటకులు ఎక్కువగా తిరిగే జిల్లాలు. ఆ ఒక్క సంగతే ఎంతో చెబుతుంది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు, అనాథాశ్రమాలను నింపడానికి పిల్లలను తరలించడాన్నీ ఆ కోవలోనే లెక్కవేసింది. నేపాల్ సొంత బాలబాలికల చట్టం 2075 కూడా, అంటే 2018లో వచ్చినది, బిడ్డను సంస్థలో ఉంచడం వేరే దారి లేనప్పుడు మాత్రమే చేయవలసిన పని అంటుంది.

ఆ దంపతులను తప్పుపట్టే హక్కు మనకు ఉందని నేను అనుకోను. పిల్లల పుట్టినరోజుకూ, పెద్దల సంవత్సరీకానికీ అనాథాశ్రమానికి వెళ్లి, వరుసగా కూర్చోబెట్టి వడ్డించి, కేకు కోయించి, ఫొటోలు తీయించుకోవడం మన ఊళ్లలో పుణ్యకార్యంగా స్థిరపడిపోయింది. పెట్టేవారి మనసు మంచిదే. కానీ ముక్కూమొహం తెలియని పిల్లవాడి పుట్టినరోజుకు చప్పట్లు కొట్టి పాట పాడటం వారానికి రెండుసార్లు విధిగా చేయవలసిన పిల్లలు ఏమనుకుంటారో కనుక్కున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అన్నం తిన్నాక పాత ఫైళ్లు సరిచూడటం మొదలుపెట్టాను. కొన్నేళ్ల కిందట మూతపడిన మరొక గృహం నుంచి ఇక్కడికి మార్చిన పిల్లల ఫైళ్లవి. అందులో చాలామంది హుమ్లా, జుమ్లా వంటి, కర్ణాలీ అనే మారుమూల కొండ ప్రాంతపు జిల్లాల పిల్లలు. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధంలో, మావోయిస్టులు పిల్లలను దళాల్లో చేర్చుకుంటారనే భయంతో ఆ కొండల్లోని తల్లిదండ్రులు పిల్లలను రాజధానిలో చదివిస్తామన్న దళారుల చేతుల్లో పెట్టారు, అందుకోసం అప్పులు చేసి డబ్బు కూడా ఇచ్చారు. యుద్ధం ముగిసినా, ఆ దారి అలవాటు పడిన దళారులు ఆగలేదు. తండ్రి గల్ఫుకో మలేషియాకో వెళ్లి తిరిగి రాకపోయినా, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే కొత్త భర్త పాత బిడ్డను ఒప్పుకోకపోయినా, బిడ్డ ఆ దారినే నడిచింది. 2015 ఏప్రిల్ 25 భూకంపం తరువాత ఈ తరలింపు మళ్లీ పెరుగుతుందన్న భయంతోనే, తల్లిదండ్రులు వెంట లేని పిల్లలను జిల్లాలు దాటించడంపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. అనాథ అంటేనే దాత దొరుకుతాడు కాబట్టి, తల్లిదండ్రులు బతికుండగానే మరణ ధ్రువపత్రాలు పుట్టించిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి.

ఈరోజు చూసిన వాటిలో ఒక ఫైలు పదో తరగతి చదువుతున్న కుర్రవాడిది. వాడికి పదహారు నిండాయి. అంటే నాగరికత పత్రానికి, మన మాటల్లో పౌరసత్వ ధ్రువపత్రానికి, దరఖాస్తు చేసుకునే వయసు వచ్చింది. అది లేకపోతే రేపు బ్యాంకు ఖాతాకీ, పాస్‌పోర్టుకీ, ఉద్యోగానికీ ఇబ్బందే. ఫైలులో తండ్రి మరణ పత్రం ఉంది, మరణించిన సంవత్సరం 2068. నాలుగు కాగితాల కింద, కొడుకును చదువుకోసం పంపడానికి సమ్మతిస్తున్నట్టు అదే తండ్రి వేలిముద్ర వేసిన పత్రం ఉంది, తేదీ 2071. విక్రమ సంవత్సరంలోంచి యాభై ఆరో యాభై ఏడో తీసివేసి మన లెక్కలోకి మార్చుకోవడం నాకు అలవాటైంది కానీ, దీనికి ఆ అవసరం కూడా లేకపోయింది. ఏ లెక్కన చూసినా చనిపోయిన మనిషి మూడేళ్ల తరువాత వేలిముద్ర వేశాడు. బ్యాంకులో ఉండగా ఇలాంటివి పింఛను ఖాతాల్లో, పంట రుణాల్లో చూశాను. అక్కడైతే డబ్బు ఎవరు తిన్నారో తేల్చేవాళ్లం. రెండు కాగితాల్లో ఏది అబద్ధమో ఇప్పుడే చెప్పలేం. వేలిముద్రే దొంగది కావచ్చు, తండ్రి నిజంగానే పోయి ఉండవచ్చు. రెండింటి మీదా పసుపు చీటీలు అంటించి, ఫైలును పక్కన పెట్టాను.

నాలుగింటికి ఫోన్ల వేళ. కుటుంబం ఆచూకీ తెలిసిన పిల్లలు శనివారం ఆఫీసు ఫోనులో ఇంటివారితో మాట్లాడతారు. నా గదికీ ఆఫీసుకూ మధ్య చెక్క గోడ ఒక్కటే కాబట్టి వినకూడదనుకున్నా వినబడుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె హుమ్లాలో ఉన్న తల్లితో మాట్లాడింది. మాట్లాడింది అనడం కంటే, తల్లి మాట్లాడుతుంటే ఊ కొట్టింది అనడం నిజం. ఆ కొండల యాస ఈ పిల్ల దాదాపు మరిచిపోయింది, ఖాట్మండు బడి నేపాలీ ఆ తల్లికి అంత బాగా అందదు. తిన్నావా అంటే తిన్నాను, చదువుతున్నావా అంటే చదువుతున్నాను. అంతలో మాటలు అయిపోయాయి. పక్కనున్న దీదీ నెమ్మదిగా, మేక ఈనిందేమో అడుగు అని అందించింది. పిల్ల అడిగింది. ఆ తరువాత పది నిమిషాలు ఫోను వదలలేదు. మేకపిల్లలు ఎన్ని, ఏ రంగు, ఎవరు కాస్తున్నారు, మంచు పడిందా, తమ్ముడు బడికి వెళ్తున్నాడా అన్నీ అడిగింది. ఆ దీదీకి ఏ పట్టాలూ లేవు. ఆవిడకు తెలిసినంత ఈ పని తెలిసినవారిని నేను చూడలేదు.

ఫోన్ల వేళకు ఆ పదో తరగతి కుర్రవాడు ఎప్పుడూ లెక్కల పుస్తకంతో మేడ మీదికి వస్తాడు. వాడికి ఫోను చేయవలసిన నంబరు లేదు. ఈ నేపాల్ పదో తరగతి పరీక్షలో చక్రవడ్డీ లెక్కలు తప్పనిసరి. అది నా జన్మలో నేను నేర్చిన విద్య కనుక, గది తలుపు తెరిచి ఉంచాలన్న నిబంధన పాటిస్తూ చెబుతాను. ఆరు నెలలకొకసారి వడ్డీ అసలులో కలిస్తే ఎంత, ఏడాదికొకసారి అయితే ఎంత, తేడా ఎంత. చురుకైనవాడు, సూత్రం కన్నా ముందు కారణం అడుగుతాడు. వాడి ఫైలు నా వెనుక బల్ల మీదే ఉంది. వాడు చూడకముందే దాని మీద మరో రెండు ఫైళ్లు పెట్టాను.

వాడు వెళ్లాక వార్డెన్‌కు ఆ కాగితాలు చూపించాను. ఆవిడ చాలాసేపు రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. మేమిద్దరం హిందీలోనే మాట్లాడుకుంటాం. "దీదీ, వాడికి ఇప్పుడే చెప్పొద్దు, ఆశ పెట్టి తరువాత లేదనడం నావల్ల కాదు" అన్నారు. పదహారేళ్లవాడి దగ్గర వాడి తండ్రి సంగతే దాచడం ఎంతవరకు న్యాయమని నేను అడిగాను. దాచడం కాదనీ, ఒక్క ఫోను చేసి అక్కడ మనిషి ఉన్నాడో లేడో తేలేవరకు ఆగడమనీ, తేలిన రోజున మొదట తెలిసేది వాడికేననీ అన్నారు. తండ్రి ఉన్నా అంత సులువు కాదు. నాగరికత పత్రం కోసం వార్డు కార్యాలయం సిఫారసు ఇవ్వాలి, ఆ తరువాత తండ్రి స్వయంగా అధికారి ముందు నిలబడి వీడు నా కొడుకేనని సనాఖత్ చేయాలి. కాగితం ప్రకారం చనిపోయినవాడు ముందు తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. అది కూడా కాక, పదేళ్లుగా లేని తండ్రి ఒక్కసారిగా సంతకం పెట్టే మనిషిగా ఎదురైతే ఆ కుర్రవాడు ఆయనను చూస్తాడా, చూడనంటాడా అన్నది వాడి ఇష్టం. వార్డెన్ మాట సగమే నచ్చింది కానీ, ఆ పిల్లలతో పగలూ రాత్రీ ఉండేది ఆవిడ కాబట్టి ఒప్పుకున్నాను.

సాయంత్రం మిగిలిన గంటా ఖర్చు అంచనాతో సరిపోయింది. సోషల్ వర్కర్ రేపు ఆ కుర్రవాడి ఊరి వార్డు కార్యాలయానికి ఫోను చేస్తారు. మనిషి ఉన్నట్టు తెలిస్తే వెళ్లి రావాలి. ఖాట్మండు నుంచి నేపాల్‌గంజ్ దాకా బస్సు, అక్కడి నుంచి హుమ్లా జిల్లా కేంద్రం సిమికోట్‌కు చిన్న విమానం, ఆపైన నడక. మంచు ముదిరితే విమానాలు రోజుల తరబడి ఆగిపోతాయి కనుక, ఆ బస ఖర్చు కూడా కలపాలి. ఇదంతా ఏ పద్దు కింద రాయాలో పాత పుస్తకంలో చోటు లేదు. ఇప్పటిదాకా ఇలాంటివన్నీ 'ఇతర ఖర్చులు' కింద పోయాయి. ఆడిటరు అడిగితే వార్డెన్ నోటితో చెప్పుకొచ్చారు. ఈరోజు నేను 'కుటుంబాల అన్వేషణ' అని కొత్త పద్దు తెరిచి, పాత పుస్తకాల్లోంచి ఆ ఖర్చులన్నీ ఏరి అందులోకి మార్చడం మొదలుపెట్టాను. ఏడాది మొత్తానికి అవి ఎంత కొద్దిగా తేలుతున్నాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంది. ఏటా బియ్యం ఇచ్చే దాతకు, వచ్చే ఏడాది సగం బస్తాల సొమ్మును ఈ పద్దుకు ఇవ్వగలరా అని అడుగుతూ ఉత్తరం రాయాలి. వార్డెన్‌కు మొహమాటం, కాబట్టి ముసాయిదా నేనే రాస్తానన్నాను.